దేవర పెట్టెలో ఎలుకలు

గోపికని పోయిన వారం ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందా? ఉదయగిరి కొండ కింద వీధిలో, చివరి పెంకుటింటి గడప మీద, చేతిలో డీఎస్సీ వాళ్ల పిలుపు కాయితంతో కూర్చోబెట్టి వచ్చాం. ఆ పిల్లకి టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే, చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చింది. శుక్రవారం పొద్దున పది గంటలకు నెల్లూరులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపిస్తే చాలు. చూపించడానికి ఆ ఒరిజినల్సే లేవు. నలభై రోజుల కిందట జిరాక్సులు తీయించుకొస్తానని వాటిని ఆత్మకూరు పట్టుకెళ్లిన మొగుడు కోటేశ్వర్, సంచి బస్సులో మర్చిపోయి ఉత్త చేతులతో దిగాడు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చేటప్పుడు నలుగురి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పోగొట్టుకున్న మనిషి గోపిక, ఓదార్చిన మనిషీ గోపికే.

అది చాలదన్నట్టు అత్త పోలేరమ్మకి ఎలుకల జ్వరం పట్టుకుంది. మూడు రోజులు కషాయాలతో నెట్టుకొచ్చి, కళ్లు పచ్చబడ్డాక ఆత్మకూరు ఆస్పత్రికి పోతే, అక్కడి డాక్టరమ్మ ఇంటిల్లిపాదినీ కడిగి పారేసింది. "ఇంకొక్క రోజు ఆగుంటే కిడ్నీలు పోయేవి. ఎలుక ఉచ్చ తగిలిన నీళ్లు, తిండి, అన్నీ విషమే. ఇల్లంతా శుభ్రం చేయండి, ఒక్క మూల వదిలినా జ్వరం మళ్లీ వస్తుంది" అని చెప్పి, తొమ్మిది రోజులు ఉంచుకుని బుధవారం పంపింది.

ఇవాళ గురువారం. రేపే నెల్లూరు. మన గోపిక ఏం చేస్తోందనుకున్నారు? ఎలుక పెంటికలు ఎత్తుతోంది.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టింది. ఆశా వర్కరు నాగులమ్మ ముందు రోజే వచ్చి బ్లీచింగు పొడి పొట్లం, చేతి తొడుగులు, మాస్కులు ఇచ్చి, పని ఎలా చేయాలో చెప్పి పోయింది. "పొరక ముట్టుకుంటివా, నీకూ నాకూ మాటల్లేవు గోపికా. ఊడిస్తే ఆ దుమ్మంతా ముక్కులోకే. ముందు బ్లీచింగు నీళ్లు చల్లు, పావుగంట నాననీ, తర్వాత గుడ్డతో ఎత్తు, గుడ్డ కాల్చేయ్" అంది. చేతులకీ ముక్కుకీ ఇచ్చింది గానీ కాళ్లకేమీ ఇవ్వలేదు. ఆమె దగ్గర లేవు మరి. గోపిక మడమలు వేసవి నుంచీ పగిలే ఉన్నాయి. హవాయి చెప్పులు తడి గచ్చు మీద జారుతుంటే విడిచి పక్కన పడేసింది.

ఈ ఎలుకలు వచ్చిందీ కోటేశ్వర్ పుణ్యానే. వానకి తడుస్తుందని గొర్రెపిల్లల దాణా మూటలు పదహారు తెచ్చి నడింట్లో పేర్చాడు. రెండు నెలల్లో మూటల అడుగున ఊరికి ఊరే వెలిసింది. గోపిక ఒక్కో మూటా వాకిట్లోకి లాగుతుంటే కింద నల్లగా పరుచుకున్న పెంటికలు, దాణా పొట్టు, ఎండిపోయిన పిల్ల ఎలుకలు, చిరిగిన రవికె గుడ్డ, సబ్బు ముక్క బయటపడ్డాయి. వాసనకి ఆగలేక రెండుసార్లు వాకిట్లోకి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ లోపలికి పోయింది. గోడ వారగా ఉన్న కన్నాలన్నీ గాజు పెంకులు, సిమెంటుతో పూడ్చింది. చచ్చిన వాటిని రెండు కవర్లలో మూటకట్టి పెరట్లో లోతుగా గొయ్యి తీసి పాతింది.

పదింటికి పిక్కలు లాగడం మొదలైంది. మూటలు లాగితే లాగవా మరి అనుకుంది. కళ్లు మండాయి. బ్లీచింగు ఘాటు అనుకుంది. అనుకోవడానికి కారణాలు చేతికందేంత దగ్గర్లో ఉన్నాయి పాపం.

"మే గోపికా, పన్నెండు దాటింది, ఒక గుక్క గంజన్నా తాగరాదా" అంది పోలేరమ్మ. ఆమె పందిరి కింద నులక మంచం మీద గొంగడి కప్పుకుని కూర్చుంది. జ్వరంతో మనిషి సగమైంది గానీ నోరు తగ్గలేదు. "ఇల్లు యాడికీ పోదు. నువ్వు పడిపోతే నన్ను చూసేదెవురు?"

"దేవుడి గది ఒక్కటే అత్తా మిగిలింది. అది అయినాక తాగుతా."

దేవుడి గది అని పేరే గానీ పోలేరమ్మ పడక గది కూడా అదే. మంచం వేసుకునే చోటికి సరిగ్గా పైన, దూలానికి, గంగమ్మ దేవర పెట్టె వేలాడుతుంటుంది. గొర్రెల వాళ్ల ఇళ్లల్లో కొందరికి ఇలాంటి పెట్టె ఉంటుంది. చిన్న ట్రంకు పెట్టంత చెక్క పెట్టె, లోపల అమ్మవారి వెండి ముఖం, గజ్జెలు, పసుపు, కుంకుమ భరిణె. మూడేళ్లకోసారి అమ్మవారికి జాతరలా కొలుపు చేసినప్పుడు ఇంటి పెద్ద మగవాడు ఒంటిపొద్దుండి, తలస్నానం చేసి దించుతాడు. పని అయ్యాక నల్ల ఉన్ని తాడుతో ఏడు ముళ్లు వేసి మళ్లీ ఎక్కిస్తాడు. మధ్యలో తెరవడం లేదు, ఆడవాళ్లు ముట్టుకోవడం అసలే లేదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది మర్చిపోకండి. పెట్టె తెరిచి ఉన్నంతసేపూ ఆ ఇంట్లో అబద్ధం పలకకూడదు. వెనక వాళ్ల వంశంలో గొర్రెల పంపకాలు, మనుషుల తగాదాలు అన్నీ తెరిచిన పెట్టె ముందు కూర్చునే తేల్చుకున్నారు.

పోయిన కొలుపుకి గోపిక మామ సుబ్బన్న దించాడు, ఆయనే కట్టి ఎక్కించాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలకి కాలం చేశాడు. ఇప్పుడు పెట్టె హక్కు కోటేశ్వర్‌ది. తదుపరి కొలుపు ఇంకా ఏడాది ఉంది.

పొద్దున ఎనిమిదింటికి గోపిక అతనికి ఫోన్ చేసింది. సీతారామపురం దారిలో మంద దగ్గర ఉన్నాడు.

"ఏమయ్యా, ఆస్పత్రోళ్లు ఒక్క మూల వదలొద్దన్నారు. దేవర పెట్టె మీద గూడా ఎలకలు తిరిగినట్టుండాది. ఏం జెయ్యమంటావ్?"

"పెట్టె జోలికి పోవద్దు." ఆమె మాట ఆగీ ఆగకముందే అందుకున్నాడు. "ఇల్లంతా కడుక్కో, కాదన్లా. పెట్టె మాత్రం ముట్టుకోవద్దు. ఆదివారం వచ్చి తలకి పోసుకోని నేనే దించుతా. విన్నావా? ఆదివారం."

"ఆదివారం దాకా అత్త ఆ పెట్టె కిందే పడుకోవాల్నా?"

"పందిట్లో పడుకోమను. నాలుగు రోజులకేమైద్ది?" అని పెట్టేశాడు. భక్తి ఎక్కువ మనిషి, ఏం చేస్తాం అనుకుంది గోపిక.

దేవుడి గదిలో గోడలు తుడిచింది, పటాలు దించి తుడిచింది. మంచం కోళ్ల దగ్గర తుడుస్తుంటే చేతి మీద ఏదో పడింది. ఒక పెంటిక. తల ఎత్తి చూసింది. పెట్టె పక్క చెక్కకి, అడుగు అంచు దగ్గర, ఒక మూల నిమ్మకాయంత కన్నం. కన్నం చుట్టూ చెక్క లేతగా, కొత్తగా కొరికినట్టుంది. అక్కడి నుంచి పచ్చటి చార ఒకటి పెట్టె పక్క మీదుగా జారి, బొట్లు బొట్లుగా కింద పడ్డ గుర్తు గచ్చు మీద ఉంది. ఆ గుర్తు ఉన్న చోటే రోజూ పోలేరమ్మ రాగి చెంబులో మంచినీళ్లు పెట్టుకునేది. అమ్మవారి కింద పెట్టిన నీళ్లు తీర్థంతో సమానమని ఆమె నమ్మకం. మూత పెట్టేది కాదు.

గోపిక బయటికి వచ్చి అత్తకి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండునేమో అని కూడా అనిపించింది, ముసలామె మొహం చూశాక.

పోలేరమ్మ లేచింది. గోడ పట్టుకుని గదిలోకి నడిచి, పెట్టె వంక చూసింది. లోపల నుంచి గీరుతున్న చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది.

"దించు" అంది.

"అత్తా!"

"దించంటున్నా గదా. నీళ్లు పోసుకో, తడి బట్టతో రా. ఎంగిలి పడలేదు, అదీ మంచిదే అయింది. గంగమ్మని ఎలకల మధ్యన కూర్చోబెట్టి, ఆదివారం దాకా ఉండు తల్లీ, మగోళ్లు వస్తుండారు అని చెప్పాల్నా? తప్పైతే నా నెత్తిన."

నలభై ఏళ్లుగా ఆ పెట్టెకి కింది నుంచి దండం పెట్టడమే తప్ప వేలు కూడా తగిలించని మనిషి ఆమె. గోపిక తలకి పోసుకుని వచ్చి, స్టూలెక్కి, కొక్కెం నుంచి పెట్టెను విడిపించి రెండు చేతులతో దించింది. బరువుగా ఉంది. లోపల ఏవో పరుగులు పెడుతున్నాయి. తడి గచ్చు మీద పెట్టగానే కన్నంలోంచి ఒక పెద్ద ఎలుక దూకి, గోపిక పాదం మీదుగా వాకిట్లోకి పోయింది. కేక పెట్టిందా లేదా అన్నది ఆమెకే గుర్తులేదు.

పోలేరమ్మ పట్టించుకోలేదు. తాడు పట్టుకుని చూస్తోంది. ముళ్లను ఒక్కోదాన్నీ వేళ్లతో తడిమింది.

"ఇది మీ మామ కట్టింది గాదు" అంది మెల్లగా.

"తాడు అదే గదత్తా."

"తాడు అదే. ముడి గాదు. నలభై ఏండ్లు ఆయన కట్టిన ముడి చూసినా. కొస కుడి పక్కకి పోతాది. ఇది చూడు, ఏడూ ఎడం పక్కకే పోయినయ్యి."

ఇంట్లో ఎడమ చేతివాటం ఒక్కడికే. ఇద్దరికీ ఆ ఒక్కడు ఒకేసారి తట్టాడు. 

"వెండి తీసినాడేమో నా కొడుకు" అని పోలేరమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "తీసుంటే నేను చచ్చిపోతా మే. విప్పు, తొందరగా విప్పు."

గోపిక ముళ్లు విప్పింది. ఏడో ముడి తడిసి బిగుసుకుపోయి రాలేదు, కత్తెరతో కోసింది. మూత ఎత్తగానే వచ్చిన వాసనకి ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. మాస్కు ఉన్నా ఆగలేదు. లోపల వెండి ముఖం ఉంది. గజ్జెలున్నాయి. భరిణె ఉంది. ఏదీ పోలేదు.

పోలేరమ్మ దండం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే గోపిక చూస్తోంది, వెండి ముఖం వెనక ఉన్న గూటి వంక. మెత్తగా, తెల్లగా, గిన్నెలాగా చేసిన గూడు. మధ్యలో కళ్లు కూడా తెరవని ఎర్రటి పిల్లలు ఆరు. ఎలుకలు గూడు దేనితోనైనా కడతాయి, గుడ్డతో, పీచుతో. ఇది కాయితంతో కట్టింది. గట్టి కాయితం. ఒక పీలిక మీద నీలం ముద్ర సగం. ఇంకో పీలిక మీద ఫోటో ముక్క, ఒక కన్ను, పక్కన జడ. ఆ కన్ను గోపికదే. పదో తరగతి హాల్ టికెట్ మీద అతికించిన ఫోటో అది.

చేతి తొడుగుతో గూడు పక్కకి జరిపింది. కింద ప్లాస్టిక్ ఫోల్డరు. ఆత్మకూరులో బీఈడీ చదివేటప్పుడు కాలేజీ ఎదురుగా కొట్టులో కొన్న పచ్చ ఫోల్డరు. బస్సులో పోయిన ఫోల్డరు.

చదువు రాకపోయినా పోలేరమ్మకి కోడలి ఫోటో తెలుసు. "ఇయ్యి నీవి గదా?" అంది. "ఇయ్యి పోయినయ్యి గదా?"

గోపిక ఒక్కోటీ తీసి చూసింది. పది, ఇంటర్ సగం పైన పీలికలు. సరే, అవి మళ్లీ ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. డిగ్రీది అంచులు పోయాయి, నంబరూ ముద్రా మిగిలాయి. బీఈడీ సర్టిఫికెట్ పూర్తిగా ఉంది. ఒక మూల పంటి గుర్తులు తప్ప గీత కూడా పడలేదు. దానికో కథ ఉంది. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు గోపిక నాయన, మేకలు మేపుకునే కొండలయ్య, తడవకూడదని తనే తీసుకుపోయి లామినేషన్ చేయించి తెచ్చాడు. ఒరిజినల్‌ని ఎవరన్నా లామినేషన్ చేయిస్తారా అని కాలేజీలో మేడం తిట్టింది. గోపిక కూడా రెండు రోజులు నాయనతో మాట్లాడలేదు. ఆ ప్లాస్టిక్కు ఎలుకల పళ్లకి జారిపోయింది. ఇప్పుడా సంగతి గుర్తొచ్చి గోపిక తడి గచ్చు మీద కూలబడి ఏడ్చింది.

మోటారు సైకిల్ చప్పుడు అప్పుడే వినిపించింది.

పొద్దున ఫోన్ పెట్టినప్పటి నుంచీ కోటేశ్వర్‌కి కాలు నిలవలేదన్నమాట. మందను ఎవరికో అప్పగించి వచ్చేశాడు. బండి గోడకి ఆనించి, చెప్పులతోనే గుమ్మం దాకా వచ్చి, కింద ఉన్న పెట్టెని చూశాడు.

"ఎవురు దించినారు?" అని అరిచాడు. "ఆడోళ్లు దేవర పెట్టె ముట్టుకునేదేంది? ఇంటికి అరిష్టం గాదా? ఆదివారం దాకా ఆగమంటే ఆగలేకపోతిరా?"

"నేనే దించమన్నా" అంది పోలేరమ్మ. "చెప్పులు విడిచి ఇట్టా రా."

"నీకు జ్వరంతో మతి పొయ్యిందామ్మా?"

"ఇప్పుడే వచ్చింది మతి. పెట్టె తెరిచి ఉండాది నాయనా. అమ్మవారు చూస్తుండాది. ఈ ముడి ఎవురు కట్టినారో చెప్పు."

అతను గోపిక వంక చూడలేదు. తాడు వంకే చూశాడు. బయట అయితే పది అబద్ధాలు ఆడేవాడు, తెలివైనవాడే. తెరిచిన పెట్టె ముందు ఒక్కటీ రాలేదు. వాళ్ల నాయన ముందు, తాత ముందు, ఆ పెట్టె ఎదుట కూర్చుని నిజం ఒప్పుకున్న మనుషుల్ని చిన్నప్పటి నుంచీ చూసినవాడు.

"నేనే" అన్నాడు.

"బస్సులో పోయినయ్యంటివే" అంది గోపిక. 

"తగలబెట్టలేదు గదా గోపీ."

విన్నారా? దొరికిపోయిన మనిషి నోట మొదట వచ్చిన మాట అది.

"తగలబెట్టాలంటే ఎంతసేపు? పొయ్యి కాడికి గూడా పొయ్యినా. చెయ్యి రాలా. అమ్మవారి కాడైతే భద్రంగా ఉంటయ్యి, ఈ కాయితాలు చూపించే తారీఖు దాటినాక తెచ్చి ఇద్దామనుకున్నా. బస్సోళ్లకి దొరికినాయంట అని."

"తారీఖు దాటినాక."

"ఆఁ."

"దొరికినాయని నేను సంతోషపడతాననుకున్నావా?"

"పడతావనే అనుకున్నా" అన్నాడు, తల దించుకుని. పెట్టె తెరిచే ఉంది మరి.

"మరి స్టేషన్లో ఏడిస్తివే? నేను నీ కళ్లు తుడిస్తినే?"

"ఆ ఏడుపు నిజమే. నీకు చేస్తుండేది తెలిసే ఏడ్చినా." గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. "యాడ వేస్తారో ఏమో. దూరం వేస్తే పోతావు. పొయ్యినాక నలుగురు టీచర్లతో కూర్చుంటావు, బీరువా కొంటావు, స్కూటీ కొంటావు. జీవాల ఎనకాల తిరిగేవోడు నీకెందుకని ఒకరోజు నీకే అనిపిస్తాది. మా నాయన పోయినాక ఈ ఇంట్లో నువ్వొక్కదానివే నాకు నిలబడినావు. నువ్వు గూడా పోతే నేనూ, మా అమ్మా, ఈ ఎలకలూ."

"నాకు ఎప్పుడూ అట్టా అనిపించలా" అంది గోపిక. "ఇప్పటి దాకా."

ఆమె లేచింది. బీఈడీ, డిగ్రీ సర్టిఫికెట్లని తడి గుడ్డతో ఒత్తి, కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టింది. పిలుపు కాయితం, ఆధార్ కార్డు తీసుకుంది. నెల్లూరు బస్సు మూడింటికి. ఇప్పుడు రెండున్నర. గుమ్మం దగ్గరికి వచ్చినా కోటేశ్వర్ లేవలేదు. గుమ్మం సన్నది, మనిషి వెడల్పు.

"ఎలకలు కొట్టిన కాయితాలు ఎవురు చూస్తారు గోపీ? పొయ్యి నవ్వులపాలు అవతావు."

"జరుగు."

"పోతే పో. ఒక్క మాట చెప్పి పో. తిరిగొస్తావా?"

వస్తానంటే చాలు, జరిగేవాడు. ఆ ఒక్క మాటకే కాచుకుని కూర్చున్నాడు. గోపిక నోటి దాకా వచ్చింది కూడా. వెనక వెండి ముఖం, మూత తెరిచిన పెట్టె. 

"తెలీదు" అంది గోపిక.

కోటేశ్వర్ కొట్టించుకున్నవాడిలా చూశాడు. పోలేరమ్మే ముందుకొచ్చి కొడుకు భుజం పట్టుకుని లేపింది. ఆస్పత్రి నుంచి నిన్ననే వచ్చిన చేతుల్లో అంత బలం ఎక్కడిదో తెలియదు. "లే. నిజం చెప్పినదాన్ని ఆపితే ఆ పెట్టె ఇంక నువ్వు మొయ్యలేవు. లేరా."

అతను జరిగాడు. గోడకి ఒత్తుకుని నిలబడ్డాడు.

గోపిక గడప దాటబోయి తూలింది. చెయ్యి గోడకి ఆనించి నిలదొక్కుకుంది. పోలేరమ్మ చూపు అప్పుడు ఆమె మొహం మీద ఆగింది.

"కళ్లేంది మే అంత ఎర్రగా?"

"బ్లీచింగు ఘాటత్తా."

"పెట్టె మూయలేదు" అంది ముసలామె.

గోపిక కళ్లు మూసుకుంది. "పిక్కలు లాగుతుండయ్యి. పొద్దుట్నించీ. నిన్న గూడా కొంచెం."

పోలేరమ్మ కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టింది. తియ్యలేదు. ఆమెకి తెలిసిన జ్వరం అది, పదమూడు రోజుల కిందట తన ఒంట్లోకి ఇలాగే, పిక్కల్లోంచే వచ్చింది. ఇద్దరూ తాగింది అదే రాగి చెంబులో నీళ్లు.

"ఈ బస్సు ఆత్మకూరు మీదనే పోతాది గదా" అంది.  లోపలికి పోయి తన ఆస్పత్రి చీటీ తెచ్చి కోడలి సంచిలో పెట్టింది. "ఇది చూపిస్తే చాలు, డాక్టరమ్మకి మొదట్నించీ చెప్పే పని లేదు. కానీ చేర్చుకుంటే వదలరు మే. నన్ను వదల్లా. అక్కడ దిగితే రేపు నెల్లూరు లేదు."

"దిగకపోతే?"

"ఒక్కరోజు అన్నది ఆయమ్మ. ఒక్కరోజు ఆగినా అన్నది." ముసలామె చీర చెంగు నోట్లో కుక్కుకుంది. "యాడ దిగమనేది నేను చెప్పలేను. చెప్పేదానికి నాకు నోరు రావడంలా."

బండి మీద దింపుతానన్నట్టు కోటేశ్వర్ తాళం తీశాడు. గోపిక అతని పక్క నుంచి నడిచిపోయింది. బస్టాండు దాకా ఎండలో నడిచింది, పగిలిన మడమలతో, పిక్కలు ఒక్కో అడుగుకీ ముడిపడుతుంటే. రెండుసార్లు నిలబడింది. వెనక్కి మాత్రం చూడలేదు.

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆడవాళ్లకి టికెట్ ఉచితమే గానీ ఎక్కడికో చెప్పాలి, మిషన్లో కొట్టాలి. కండక్టరు వచ్చి ఆధార్ కార్డు చూసి తిరిగిచ్చాడు.

"యాడికి తల్లీ? ఆత్మకూరా, నెల్లూరా?"

గోపిక సంచిలో చెయ్యి పెట్టింది. వేళ్లకి లామినేషన్ అంచు తగిలింది, దాని పక్కనే ఆస్పత్రి చీటీ. మళ్లీ ఈ అవకాశం రాదని ఆమెకి తెలుసు. పిక్కల్లో ఉన్నదేమిటో కూడా తెలుసు.

"నెల్లూరు" అంది.

కండక్టరు టికెట్ చించి ఇచ్చాడు. "ఆత్మకూరులో పది నిమిషాలు ఆపుతాం. టీ తాగేవాళ్లు తాగొచ్చు" అని అందరికీ వినబడేలా చెప్పి ముందుకు పోయాడు.

బయట ఎండ పెళపెళలాడుతోంది. ముందు సీటులో ఆవిడ చెంగుతో విసురుకుంటోంది. ఆత్మకూరుకి ముందొచ్చే దుత్తలూరు కూడా ఇంకా రాకముందే గోపికకి చలి మొదలైంది.